బాబురావు శావుకారు తమ్ముళ్లు

కొండల్‌ను కొట్టులో పెట్టుకున్న రోజున శావుకారు బాబురావు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇగో కొండలూ, నన్ను శావుకారీ అని పిలిస్తే నేను పలక. అన్నా అని పిలువు. ఇది దుకాణం గాదు, మన ఇల్లు" అన్నాడు.

కొండల్ అప్పటిదాకా పని అడగడానికి వెళ్లిన చోటల్లా గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్లు లేరు. ఒక్కడే కొడుకు. భుజం మీద పడ్డ ఆ చేతికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసే బాబురావు ఇతను పనికొస్తాడని ఖాయం చేసుకుని ఉంటాడు. మనుషుల్ని గుడ్డ తానుల్లాగే వేలితో నలిపి చూసి రకం చెప్పగల మనిషి ఆయన.

పత్తర్‌గట్టిలో ఆయనది మిల్లు బట్టల కొట్టు. గుమాస్తాలందరూ ఆయన కులం వాళ్లే, ఆయన పుట్టిన భువనగిరి పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పరాయివాళ్లను నమ్మలేనని చెప్పేవాడు. అసలు సంగతి ఏమిటంటే పరాయివాడు పని ఎక్కువైతే ఎదురు మాట్లాడతాడు. సొంత కులంవాడు, సొంత ఊరివాడు నోరు తెరిచేముందు ఊళ్లో ఉన్న తల్లిని తలుచుకుంటాడు, మేనమామను తలుచుకుంటాడు, తెరిచిన నోరు ఆవులించి మూసుకుంటాడు.

మధ్యాహ్నం భోజనం కొట్టు పైనే, బాబురావు ఇంట్లో. ఆయన భార్య సులోచన వేడివేడిగా వడ్డించేది. పప్పు మీద నెయ్యి కూడా వేసేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాకపోతే ఒకరు తిని దిగితే గానీ ఇంకొకరు ఎక్కడానికి లేదు, కింద గిరాకీ ఆగదు. అందుకని ప్రతివాడూ ముద్ద మింగుతూనే మెట్లు దిగేవాడు. భోజనానికి ఇంటికి వెళ్లే మాటే లేకుండా పోయింది. కొండల్ మాత్రం మొదట్లో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. దబీర్‌పురా స్టేషన్ వెనక తన ఒంటిగది ఇంటికి చేరి, భార్య కమలకు ఆ భోగం వర్ణించాడు.

"వదినె తన చేతుల వడ్డిస్తది. పెద్దోళ్ల ఇంట్ల గిట్ల ఎవరు చూస్తరు చెప్పు?"

కమల పొయ్యి మీద నుంచి తల తిప్పలేదు. "మంచిగనే ఉంది. గంత తమ్మునివైతే ఒక్క దినం ఇంటికాడ ఉండనిస్తడా అడుగు."

కొండల్‌కు ఆ మాట నచ్చలేదు. ఆడవాళ్లకు దుకాణం సంగతులు తెలియవని అనుకున్నాడు. తెలిసిందల్లా ఆమెకేనని అతనికి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఆ రోజుల్లో కొట్టులో తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. గిరాకీలూ గుమాస్తాలూ అందరూ దాని మీదే కూర్చునేవారు. తాను విప్పడం, గజం పెట్టి కొలవడం, మళ్లీ చుట్టడం అంతా కూర్చునే. నడుము నొచ్చేది గానీ కాళ్లకు పని లేదు. పోలీసు చర్య అయి రెండు మూడేళ్లు గడిచాక బాబురావు బొంబాయి వెళ్లివచ్చాడు. అక్కడి పెద్ద దుకాణాలు చూసి ఆయన మతి పోయింది. వచ్చీరాగానే పరుపులు ఎత్తించి, నడుమెత్తు చెక్క కౌంటర్లు కట్టించాడు. వాటి వెనక గుమాస్తాలు నిలబడాలి. గిరాకీ ఎదుట కూర్చున్నవాడు బద్ధకస్తుడిలా కనబడతాడట, బొంబాయిలో ఎవరూ కూర్చోరట. గిరాకీలకు బెంచీలు వేయించాడు. కొట్టు మొత్తానికి ఒక్క కుర్చీ ఉంచాడు. అది ఎవరిదో చెప్పనక్కర లేదు.

అప్పటి నుంచి కొండల్ జీవితం నిలబడి సాగింది. పొద్దున్నే తాళం తీసిన దగ్గర నుంచి రాత్రి ఆఖరి తాను చుట్టేదాకా నిలబడటమే. గిరాకీ లేనప్పుడు కూడా తానులు దులుపుతూ, సర్దుతూ ఉండాలి. కౌంటరుకు ఆనుకుంటే బాబురావు కోప్పడేవాడు కాదు. ఆయన కోప్పడగా ఎవరూ చూడలేదు. "ఏం తమ్మీ, పానం మంచిగ లేదా? ఇంటికి పోతవా?" అని అందరి ముందూ ప్రేమగా అడిగేవాడు. ఆ ప్రేమకు సిగ్గుపడి మనిషి నిటారుగా నిలబడేవాడు. తిట్టినా అంత పని జరిగేది కాదు.

ఇంతలో దుకాణాలకు కొత్త కానూను వచ్చింది. రాత్రి ఫలానా వేళకు మూసేయాలి, వారానికి ఒక రోజు ఛుట్టీ ఇవ్వాలి, జబ్బు చేస్తే రజా ఇవ్వాలి అన్నారు. పత్తర్‌గట్టి శావుకార్లంతా మొహాలు మాడ్చుకున్నారు. మాడ్చుకున్నా కొందరు ఛుట్టీ ఇచ్చారు. పక్క కొట్టు గుమాస్తాలు ఆ రోజున పెళ్లాం పిల్లలతో మూసీ దాటి తోటకు షికారు వెళ్తుంటే కొండల్ కౌంటరు వెనక నుంచి చూసేవాడు. బాబురావు మాత్రం ఒక వకీలు దగ్గర కూర్చుని ఒక మాట తెలుసుకొచ్చాడు. శావుకారు సొంత ఇంటి మనుషులు కొట్టులో పని చేస్తే వాళ్లకు ఈ కానూను వర్తించదని ఆ వకీలు చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన గుమాస్తాలందరినీ పైకి పిలిచి సులోచన చేత పాయసం పోయించాడు. "రేపో మాపో ఇన్‌స్పెక్టర్ వస్తడు. మనం అన్నదమ్ములం అని చెప్పుర్రి, గంతే. అందుల అబద్ధం ఏముంది? నేను మిమ్మల్ని ఎన్నడన్న నౌకర్ల లెక్క చూసిన్నా?" అన్నాడు.

మొగులయ్య అనే గుమాస్తా ఒక్కడు గొణిగాడు. అతనికి కొండల్ కంటే వయసు తక్కువ, ధైర్యం కాస్త ఎక్కువ. "అన్నా, అట్ల చెప్తే మాకు ఆ ఛుట్టీలు రావేమో గద?"

బాబురావుకు జవాబు చెప్పే అవసరం రాలేదు. కొండలే మొగులయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఇన్ని దినాలు గీ ఇంటి అన్నం తిన్నవ్. ఛుట్టీ కోసం అన్నను సర్కారోళ్ల ముందట నిలబెడతవా? జర సిగ్గుండాలె." మొగులయ్య తల దించుకుని పాయసం తాగేశాడు.

ఇన్‌స్పెక్టర్ విఠల్‌రావు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కొత్త ఉద్యోగం, ఎండలో సైకిలు తొక్కి వచ్చి చెమటలు కక్కుతున్నాడు. కొండల్ ముందుగానే ఎదురెళ్లి మంచినీళ్లిచ్చాడు. గుమాస్తాలెవరు, వేళలేమిటి అని ఇన్‌స్పెక్టర్ అడగ్గానే అతనే అందుకున్నాడు.

"ఇక్కడ గుమాస్తాలు ఎవరూ లేరు సార్. అందరం ఇంటోళ్లమే. మా నాయన, అన్న వాళ్ల నాయన సొంత అన్నదమ్ములు. ఒక్క మగ్గం మీద నేసినోళ్లు. మా తాత పోయేటప్పుడు ఇద్దరి చేతులు కలిపి, విడిపోకుర్రి అని ఒట్టు పెట్టించుకున్నడు."

బాబురావు కూడా ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. ఇన్‌స్పెక్టర్ అదంతా రాసుకుని సంతకం అడిగాడు. కొండల్ పెట్టాడు. వాడు పెట్టాడు గదా అని మిగిలినవాళ్లూ పెట్టారు. మొగులయ్య చివర పెట్టాడు. ఇదీ కొండల్ చేసిన పని. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. నెత్తిన పెట్టుకున్న ప్రేమ అతని చేత పలికించింది. లేని తాతను పుట్టించి, చచ్చేముందు అతని చేత ఒట్టు కూడా పెట్టించాడు.

ఆ దసరాకు అతనికి పట్టంచు ధోవతి దొరికింది, పెద్ద గుమాస్తా అన్న పేరు దొరికింది, కొట్టు తాళపు చెవులు దొరికాయి. దాంతో అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక పోయే హక్కు కూడా దొరికింది. ఇంట్లో పిల్ల పుట్టింది, నడక నేర్చింది, మాటలు నేర్చింది. అతను చూసినప్పుడల్లా నిద్రలోనే ఉండేది.

తర్వాత కాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. ముందు పిక్కల మీద నరాలు తేలాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. ఆ పైన ఎడమ చీలమండ దగ్గర చర్మం నల్లబడి, చిన్న దెబ్బకే పుండు పడింది. కమల పసుపు పెట్టింది, వేపాకు కట్టింది. మానినట్టే మాని మళ్లీ పగిలేది. వాసన రావడం మొదలయ్యాక కొండల్ అత్తరు దూది చెవిలో పెట్టుకుని కొట్టుకు పోయేవాడు, గిరాకీ పక్కకు జరగకుండా.

ఒక పొద్దున కమల వినలేదు. పిల్లను చంకన వేసుకుని అతన్ని పెద్ద దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టరు పుండు చూసి, ఏం పని చేస్తావని అడిగి, విని, పెన్ను కింద పెట్టాడు.

"నెల దినాలు మంచం దిగొద్దు. కాలు ఎత్తు మీద పెట్టుకుని పండుకోవాలె. ఆ పుండు ఎముక దాకా పోతే ఇగ మేం చేసేది ఏం లేదు, కాలు తీసుడే."

కొండల్ భయం భయంగానే వెళ్లి అన్నను అడిగాడు. భయం కాలు గురించి, అన్న గురించి కాదు. అన్న కాదనడని అతనికి గట్టి నమ్మకం. బాబురావు కుర్చీలోంచి లేచి వచ్చి స్వయంగా వంగి ఆ పుండు చూశాడు. చూసి చ్చొ చ్చొ అన్నాడు.

"నెల దినాలెందుకు, రెండు నెలలు పండుకో. నేనే మనిషిని పెట్టి చూపిస్త. గని తమ్మీ, రంజాన్ నెత్తి మీదికొచ్చె. పండుగ గిరాకీ అయిపోనీ. మన ఇంట్ల పెండ్లి పెట్టుకొని నువ్వు కాలు నొస్తుందని పండుకుంటవా?"

"పండుగ దాకా ఆగేటట్టు లేదన్నా. పోనీ ఒక స్టూలు ఇప్పించుర్రి. కూసోని కొలుస్త."

"నీకు ఇస్త. నీకు ఇయ్యకపోతే ఇంకెవరికిస్త? కాని వీళ్లంతా నాకూ నాకూ అంటరు గద. పెద్దోనివి, నువ్వే ఆలోచన చెయ్యి." ఇలా అని మళ్లీ భుజం మీద చెయ్యి వేశాడు. సులోచన పై నుంచి వేప నూనె సీసా పంపించింది.

దబీర్‌పురాలో వాళ్ల పక్క గదిలో సీమోను ఉండేవాడు. రైల్వేలో ఫిట్టరు. అతనికి జ్వరం వచ్చి ఆ వారమంతా మంచం మీద ఉన్నాడు, జీతంతో సహా. ఇంటి ముందు నులక మంచం వేసుకుని బత్తాయి వొలుచుకుంటున్న అతన్ని చూసి కొండల్‌కు కడుపు మండింది. సీమోను అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కథంతా విన్నాడు.

"నీకు ఛుట్టీ ఎందుకు రాదు భాయ్? కానూను ఉంది. మాకు ఎట్లొస్తది? నేను మా సాబును అన్నా అనను. సాబ్ అంట. ఆయన నన్ను తమ్మీ అనడు. బీమారైతే కాగితం పెడత, పండుకుంట. పోయి ఆ ఇన్‌స్పెక్టర్‌ను కలువు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కొండల్ రాత్రంతా ఆలోచించాడు. అన్న మీద ఫిర్యాదు అనుకుంటే మనసు ఒప్పుకోలేదు. తెల్లారి కట్టు విప్పినప్పుడు గుడ్డతో పాటు చర్మం ఊడి వచ్చింది. అప్పుడు తలుపు దాటాడు.

విఠల్‌రావు అతన్ని గుర్తుపట్టాడు. చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు కూడా. "నేను గుమాస్తాను సార్. ఆయన నాకు ఏమీ కాడు. ఆ దినం చెప్పింది అబద్ధం" అన్నాడు కొండల్. ఏమీ కాడు అని పైకి అనడం అదే మొదటిసారి.

"నీ సంతకం ఉంది గదయ్యా. శావుకారిని పిలిపిస్త. తక్కినోళ్లను గూడ అడుగుత. వాళ్లు నీ మాట చెప్పిండ్రంటే నీకు ఛుట్టీ వస్తది, దుకాణం మీద కేసు గూడ అయితది."

కొండల్‌కు ఆశ పుట్టింది. అందరిలోకీ మొగులయ్య మీద. మొదట అడ్డం తిరిగింది వాడే గదా. విచారణకు ముందు సాయంత్రం అతన్ని దారిలో ఆపి, "ఒక్క మాట చెప్పు తమ్మీ, నౌకరుగాళ్లం అని. నా కాలు నిలబడుతది" అన్నాడు. మొగులయ్య కట్టు వైపు చూసి, సరే అన్నట్టు తల ఊపాడు.

ఆఫీసుకు బాబురావు ఉత్త ఖాదీ లాల్చీలో వచ్చాడు, వెనక గుమాస్తాలందరూ. లోపలికి వస్తూనే కొండల్ కాలు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం చెప్పాలె సార్. చిన్నాయన పోయినప్పటి నుంచి వీడు కొట్టుల పాలు పంచియ్యాలె అంటున్నడు. ఒక్క మగ్గం మీద నేసిన అన్నదమ్ముల పిల్లలం. తాత చేతుల చెయ్యి వేసి విడిపోము అన్న ఇంటోళ్లం. పాలు గీలు ఏంది, దుకాణమంత నీదేరా అన్న. వినకుండ సర్కారు దాక తెచ్చిండు."

కొండల్ నోరు తెరిచాడు. ఆ తాతను తానే పుట్టించాడు. లేడని ఇప్పుడు ఎలా చెప్పడం? "లేడు సార్, అట్లాంటి తాత ఎవరూ లేడు" అన్నాడు. ఆ మాట అతని చెవులకే పిచ్చిమాటలా వినిపించింది. విఠల్‌రావు జాలిగా చూశాడు.

తర్వాత గుమాస్తాలను ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక్కొక్కరూ బాబురావుకు ఏమవుతారో చెప్పారు. మేనత్త కొడుకు, పెదనాన్న కొడుకు, పినతల్లి కొడుకు. అంత పెద్ద కుటుంబం పాతబస్తీలో ఇంకొకటి ఉండి ఉండదు. మొగులయ్య వంతు వచ్చింది. అతని చెల్లెలి పెళ్లి బాబురావు మాట మీదే కుదిరిందని కొండల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మొగులయ్య నేల చూపులు చూస్తూ, "వాళ్లిద్దరూ అన్నదమ్ములే సార్. నాకు చిన్నప్పటి నుంచి ఎరుకే" అన్నాడు.

విఠల్‌రావు కాగితాలు మూసేశాడు. "చూడు కొండల్, ఇది ఇంటి లొల్లి. ఇంటి లొల్లిల సర్కారు రాదు. ఆయన పెద్ద మనసున్న మనిషి లెక్కనే కనపడుతున్నడు. అన్న కాళ్లు మొక్కి ఇంటికి పో."

ఆ గదిలో అందరూ అతని వైపే చూస్తున్నారు. మొక్కకపోతే ఈ కొట్టులో పని పోతుంది. పత్తర్‌గట్టిలో ఒక శావుకారు మీద ఫిర్యాదు చేసినవాణ్ని ఇంకో శావుకారు గడప ఎక్కనివ్వడు. కుంటికాలుతో మూటలు మోయడానికి కూడా పనికిరాడు. ఇంట్లో కమల, పిల్ల. కొండల్ గోడ పట్టుకుని మెల్లగా వంగి బాబురావు పాదాలు ముట్టుకున్నాడు. వంగినవాడు లేవలేకపోయాడు. ఎడమ కాలు సాయం రాలేదు.

బాబురావే చంకల కింద చేతులు పెట్టి లేపి గుండెకు హత్తుకున్నాడు. "రేపు పొద్దుగాల్నే వచ్చి తాళం తియ్యి తమ్మీ. రంజాన్ అయినంక నేనే దగ్గరుండి పండుకోబెడత" అన్నాడు. విఠల్‌రావుకు కూడా కళ్లు చెమర్చాయి. అన్నదమ్ములను కలిపిన తృప్తితో ఆ రోజు ఆయన ఇంటికి పెందరాళే వెళ్లిపోయి ఉంటాడు.

మర్నాడు పొద్దున కొండల్ తాళం తీశాడు. ఆ ఏడు గిరాకీ విరగబడింది. పాప్లిన్లు, మల్లు బట్టలు, షేర్వానీ గుడ్డలు తానులకు తానులు తెగాయి. పండుగ నెలంతా అతను ఒంటికాలి మీద బరువు వేసి కొలుస్తూనే ఉన్నాడు. బాబురావు మాట తప్పే మనిషి కాదు. ఈద్ అయిన మర్నాడే ఛుట్టీ ఇచ్చాడు. ఆ ఛుట్టీలోనే, పెద్ద దవాఖానలో, కొండల్ ఎడమ కాలు మోకాలి కింది దాకా తీసేశారు.

మూడో నాడు మొగులయ్య వార్డులోకి వచ్చాడు. చేతిలో పండ్ల బుట్ట. కొండల్ మగతలో ఉన్నాడు. కమల మంచం పక్క నేల మీద కూర్చుని ఉంది.

"అన్న పంపిండు వదినె. తమ్మునికి ఇయ్యుమన్నడు" అన్నాడు మొగులయ్య.

కమల లేవలేదు, గొంతు పెంచలేదు. "ఆయనకు అన్నలు లేరు. వాళ్ల అమ్మకు ఒక్కడే కొడుకు. గీ మాట ఆ దినం ఆఫీసుల నువ్వు చెప్పేది ఉండె" అంది.

మొగులయ్య ఆ బుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక, చేతులు నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.